ర్యామ్ మొత్తాన్నీ కెర్నెల్ బూట్‌లోనే మ్యాప్ చేసుకోవాలా?

బెజవాడ_సర్వర్: 64 బిట్ లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) బూట్ అయ్యేటప్పుడే మెషిన్‌లో ఉన్న ర్యామ్ అంతటికీ డైరెక్ట్ మ్యాప్ (కెర్నెల్ నేరుగా వాడుకునే అడ్రస్‌లు) కట్టేస్తుంది. అంటే ప్రతి ప్రాసెస్ పేజీకీ (మెమరీ ముక్కకీ) కెర్నెల్ వైపు ఇంకో అడ్రస్ ఉన్నట్టే. 2018లో బయటపడ్డ మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపంతో ఒక మామూలు ప్రోగ్రామ్ ఇతరుల డేటా చదవగలిగిందంటే కారణం ఇదే. కావలసిన పేజీని కావలసినప్పుడే మ్యాప్ చేస్తే సరిపోదా?

వరంగల్_బూట్: ఐడెంటిటీ మ్యాపింగ్ (వర్చువల్ అడ్రస్, ఫిజికల్ అడ్రస్ ఒకటే కావడం) లేకుండా అసలు బూట్ ఎలా అవుతుందండీ? పేజింగ్ (అడ్రస్‌ల అనువాదం) ఆన్ అయిన మరుక్షణం ప్రాసెసర్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ను పాత అడ్రస్‌లోనే వెతుకుతుంది. అది పేజ్ టేబుల్‌లో (ఆ అనువాదాల పట్టికలో) లేకపోతే పేజ్ ఫాల్ట్. పట్టుకునే హ్యాండ్లర్ ఇంకా లేదు కాబట్టి ట్రిపుల్ ఫాల్ట్, రీసెట్. ఎక్స్‌వీ6 అనే బోధనా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్86 వెర్షన్ మొదటి 4 ఎంబీని సున్నా దగ్గరా, హెక్స్‌లో 80000000 దగ్గరా మ్యాప్ చేసేది ఇందుకే.

బెజవాడ_సర్వర్: అది పై అడ్రస్‌కు దూకేదాకా అవసరమయ్యే తాత్కాలిక ఏర్పాటు. నేనడిగింది మెషిన్ ఆపేదాకా ఉండిపోయే డైరెక్ట్ మ్యాప్ గురించి.

వరంగల్_బూట్: రెండూ ఒకటే. ఫిజికల్ అడ్రస్‌కు ఒక స్థిరమైన సంఖ్య కలపడమేగా! ఐడెంటిటీలో ఆ సంఖ్య సున్నా. మా టీమ్‌లో చేరేవాళ్లు ట్రిపుల్ ఫాల్ట్ ఎందుకొస్తుందో చెప్పలేరు గానీ సెక్యూరిటీ గురించి గంటలు మాట్లాడతారు.

కోఠి64: ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కెర్నెల్ మ్యాపింగ్‌లను దాచేసే కేపీటీఐ వచ్చిందిగా, లినక్స్ 4.15లో.

పాత_డ్రైవర్: కావలసినప్పుడు మ్యాప్ చేయడం 32 బిట్‌లో చూశాం. కెర్నెల్‌కు 1 జీబీ వాటా, అందులో నేరుగా కనిపించేది 896 ఎంబీ. మిగతాదంతా హైమెమ్, ముట్టుకోవాలంటే కేమ్యాప్‌తో తాత్కాలికంగా మ్యాప్ చేయాలి. ఒక వెండర్ డ్రైవర్ మ్యాప్ చేసిన పేజీలను వదిలేది కాదు. ఆ హ్యాంగ్‌ల నింద నా మీద పడి అప్రైజల్ పోయింది. మళ్లీ ఆ రోజులు తెమ్మంటారా?

బెజవాడ_సర్వర్: మీ అప్రైజల్‌కూ దీనికీ సంబంధం ఏమిటి? అది అడ్రస్‌లు చాలక వచ్చిన తిప్పలు. 64 బిట్‌లో ఆ కొరతే లేదు.

పాత_డ్రైవర్: టీఎల్‌బీలో (అడ్రస్ అనువాదాలను గుర్తుంచుకునే ప్రాసెసర్ క్యాష్‌లో) చోటుకు కొరత ఉంది! డైరెక్ట్ మ్యాప్ 2 ఎంబీ, 1 జీబీ పేజీలతో ఉంటుంది. మధ్యలోంచి 4 కేబీ పేజీని తీసేస్తే పెద్ద పేజీ ముక్కలై టీఎల్‌బీలో ఎక్కువ చోటు తింటుంది. ఆ ఖర్చు అందరి మీదా ఎందుకు?

బెజవాడ_సర్వర్: ఇప్పుడు అసలు మాటకొచ్చారు. మీ బోర్డులో నడిచేదంతా మీ కోడే. నా మెషిన్‌లో ఒకరికొకరు తెలియని కస్టమర్ల కీలు పక్కపక్కనే ఉంటాయి. కాస్త వేగం తగ్గినా నాకు ఫర్వాలేదు.

పాత_డ్రైవర్: అలాంటివాళ్ల కోసమే లినక్స్ 5.14లో మెమ్‌ఎఫ్‌డీ సీక్రెట్ అనే సిస్టమ్ కాల్ పెట్టారు. ఆ పేజీలు డైరెక్ట్ మ్యాప్‌లో ఉండవు. అది వాడుకోండి, డిఫాల్ట్ మార్చమనకండి.

బెజవాడ_సర్వర్: కస్టమర్ తన ప్రోగ్రామ్ మార్చుకుంటేనే అది పనిచేస్తుంది. వాళ్ల కోడ్ నా చేతిలో లేదు.

వరంగల్_బూట్: కొత్త పేజీని ప్రాసెస్‌కు ఇచ్చేముందు సున్నాలతో నింపాలి. మ్యాప్ లేకుండా ఎలా నింపుతారు?

బెజవాడ_సర్వర్: ఆ సీపీయూ వరకే తాత్కాలికంగా మ్యాప్ చేసి. కేమ్యాప్ లోకల్ చేసేది అదే, మిగతా సీపీయూల టీఎల్‌బీని ఫ్లష్ చేయనక్కర్లేదు.

పాత_డ్రైవర్: ఇచ్చే ప్రతి పేజీకీ ఆ పనా? నేనొప్పుకోను.