08682 మన ఊరి గుర్తా, ఉత్త నంబరేనా? ల్యాండ్‌లైన్‌కు ఎస్టీడీ కోడ్ ఉండాలా, పోవాలా?

పానగల్ గట్టు:
మా వీధి చివర ఇనుప సామాన్ల దుకాణం షట్టర్ మీద ఫోన్ నంబరు మూడు రంగుల్లో ఉంటుంది. నల్లరంగులో అయిదంకెలు. వాటి ముందు ఇరుకున దూర్చిన ఎర్ర 2. దానికీ ముందు, చోటు చాలక పక్క గోడ మీదికి ఎక్కిన నీలిరంగు 08682, మా నల్లగొండ ఎస్టీడీ కోడ్. నల్లగొండ టెలిఫోన్ చరిత్ర అంతా ఆ షట్టర్ మీదే ఉంది.

2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిఫారసు చేసింది. ల్యాండ్‌లైన్లకు తాలూకా స్థాయిలో నంబర్లు ఇచ్చే పద్ధతి వదిలి, టెలికాం సర్కిల్ (దాదాపు ఒక రాష్ట్రమంత ప్రాంతం) మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా తీసుకుని పది అంకెల పద్ధతికి మారాలని దాని సారాంశం. నాకిది నచ్చలేదు. 08684 అంటే సూర్యాపేట, 08689 అంటే మిర్యాలగూడ, 08685 అంటే భువనగిరి. నంబరు చూడగానే ఊరు తెలుస్తుంది. మోసపు ఫోన్లు ఇంతగా వస్తున్న రోజుల్లో ఆ కాస్త ఆనవాలు కూడా చెరిపేయాలా? కోడ్ ఉండాల్సిందే అంటాను. మీరేమంటారు?

పిల్లలమర్రి నీడ:
పోనివ్వండి. ఊరి పేరు చెప్పే పని ఆ కోడ్ ఎప్పుడో మానేసింది. షాద్‌నగర్ 2016 దాకా మా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి. కోడ్ మాత్రం మా పక్కదే. నాగర్‌కర్నూల్ 08540, వనపర్తి 08545, గద్వాల 08546 మూడూ వేరే జిల్లాలయ్యాయి, అంకెలు కదలలేదు. చనిపోయిన తాలూకాల సమాధిరాళ్లు ఆ కోడ్‌లు. మండలాలు వచ్చి నలభై ఏళ్లయింది.

మోసాల సంగతి కూడా చెబుతాను. తెర మీద కనిపించే నంబరును నమ్మడమే మొదటి పొరపాటు. విదేశం నుంచి చేసిన ఫోను మన దేశపు నంబరుగా కనిపించేలా చేయగలరు. దాన్ని అడ్డుకోవడానికే కేంద్రం 2024 అక్టోబరులో ప్రత్యేక ఏర్పాటు మొదలుపెట్టింది. 08682 అని కనిపించినంత మాత్రాన ఆ మనిషి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడని కాదు.

ఎక్స్ఛేంజి పాతకాపు:
ముప్ఫై ఏళ్లు ఎక్స్ఛేంజిలో చేసి దిగినవాడిని. ఇద్దరూ తొందరపడుతున్నారు. సిఫారసులో కోడ్ తీసేస్తామని లేదు. ఇప్పుడున్న నంబర్లు మారవనే ఉంది. మారేది తిప్పే పద్ధతి. ఇప్పుడు నల్లగొండలో పక్కింటి ల్యాండ్‌లైన్‌కు ఆరంకెలు నొక్కితే చాలు. అది అమలైతే పక్కింటికైనా సున్నా, కోడ్, ఆపైన నంబరు, అన్నీ నొక్కాలి.

అసలు అంకె ఎందుకు పుట్టిందో చెబుతాను, వినండి. కంప్యూటర్లు రాకముందు యంత్రాలతో నడిచిన పాత స్ట్రౌజర్ ఎక్స్ఛేంజిలో మీరు 8 తిప్పితే ఇక్కడ ఒక సెలెక్టర్, అంటే లైను కలిపే మీట, టకటకమని ఎనిమిది మెట్లు పైకెక్కేది. ఎక్కి, ఆ వరసలో ఖాళీగా ఉన్న లైన్ కోసం పక్కకు జరుగుతూ వెతికేది. తర్వాతి అంకె తర్వాతి సెలెక్టర్‌కు. హాల్లో నిలబడితే ఊరు మాట్లాడుకోవడం చెవులకు వినిపించేది, మాటలు కాదు, మెట్లు. అంటే అంకె పేరు కాదు, దారి. ముందు వచ్చే సున్నా ‘నేను ఊరు దాటి పోతున్నాను, గేటు తియ్యి’ అని చెప్పడం. సున్నాలు రెండైతే దేశం దాటినట్టు.

దేశమంతటికీ లెక్క ఒకటే. సున్నా వదిలేస్తే కోడ్, నంబరు కలిసి పదంకెలు. హైదరాబాద్ 40, దాని వెనక ఎనిమిది. వరంగల్ 870, వెనక ఏడు. నల్లగొండ 8682, వెనక ఆరు. ఫోన్లు ఎక్కువున్న ఊరికి పొట్టి కోడ్, తక్కువున్న ఊరికి పొడుగు కోడ్. మనల్ని చిన్నచూపు చూసి కాదు, లెక్క అలా కుదరాలి. మొదటి అంకె దేశంలో ఏ మూలో చెబుతుంది. మనకూ కర్ణాటకకూ 8. రాయచూర్ 08532 చూడండి, మహబూబ్‌నగర్ 08542కు ఎంత దగ్గరో. హైదరాబాద్ ఒక్కటే ఈ వరసలో లేకుండా 4లో కూర్చుంది.

ఇలాంటి కోడ్ ప్రాంతాలు దేశంలో 2,600కు పైగా ఉన్నాయి. ఇప్పుడు చిక్కు అక్కడే. ఆరంకెల నంబరు 2 నుంచి 6 లోపు అంకెతో మొదలవ్వాలి కాబట్టి ఒక్కో చిన్న కోడ్‌కు గరిష్ఠంగా అయిదు లక్షల నంబర్లు. కొన్నిచోట్ల అవి చాలవు. చాలాచోట్ల బీడుపడి ఉన్నాయి. బీడును పక్క ఊరికి కౌలుకు ఇవ్వడానికి ఇప్పటి పద్ధతిలో వీల్లేదు. సర్కిల్ మొత్తాన్నీ ఒక్క కమతం చేస్తే ఇవ్వవచ్చు. అదీ ట్రాయ్ ఉద్దేశం.

పానగల్ గట్టు:
సార్, మీరు నా మాటనే బలపరిచారు. బీడు కౌలుకిస్తే 8682తో మొదలయ్యే నంబరు రేపు ఇంకెక్కడో మోగవచ్చు. ఆనవాలు పోయినట్టే కదా!

ఎక్స్ఛేంజి పాతకాపు:
కాలక్రమంలో పోవచ్చు. కాదనను. అంకె దారిగా ఉన్నంతకాలం దాన్ని కదిపితే తీగలన్నీ మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు కంప్యూటర్ పట్టిక చూసి పంపుతుంది. పట్టికలో ఒక వరస మార్చితే సరి.

మందుల షాపు, దేవరకొండ:
మాది 08691. పెద్దల వాదనలో నా సొంత కష్టం ఒకటి వేస్తాను. పోయిన ఏడాది ఒక లైసెన్సు పని మీద ఆన్‌లైన్ దరఖాస్తు నింపాను. ఫోన్ నంబరు గడిలో షాపు ల్యాండ్‌లైన్ కొట్టాను, సున్నాతో కలిపి పదకొండు అంకెలు. తీసుకోలేదు, ఎర్రగా మెరిసింది. సున్నా తీసేశాను. పదంకెలు, మొదట 8. వెంటనే పచ్చగా అయింది! మొబైల్ అనుకుంది. ‘మీ ఫోన్‌కు ఓటీపీ పంపాము’ అంది. గోడకు తగిలించిన ఫోన్ వైపు నేను, మా కుర్రవాడు అయిదు నిమిషాలు చూశాం. గడువు అయిపోయింది. మూడోసారికి దరఖాస్తే మూసుకుపోయింది. ఆ కార్యాలయానికి రెండుసార్లు తిరిగాను.

మా ముసలి గిరాకీ సంగతి వేరే. వాళ్లకు ఆరంకెలే నోటికి వచ్చు. ఇంటి ఫోన్ నుంచి ఆరు నొక్కి ‘బీపీ మాత్రలు పంపు నాయనా’ అంటారు. పదకొండు నొక్కమంటే ఆ ఫోన్లు కూడా ఆగిపోతాయి. నా ఓటు కోడ్‌కు కాదు, ఆరంకెలకు.

పిల్లలమర్రి నీడ:
మీ దరఖాస్తు బాధకు మూలం ఆ సున్నా లేకపోవడమే అన్నా. సున్నా తీస్తే ల్యాండ్‌లైన్, మొబైల్ రెండూ పదంకెలే, రెండూ 8తో మొదలవ్వొచ్చు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద మొబైల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టమన్నారు, గుర్తుందా? ఆ ఒక్క సున్నాతో దాదాపు 254 కోట్ల కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని లెక్క చెప్పారు. ఎవరైనా చచ్చిపోయారా? వారంలో అలవాటైంది.

నాకు నచ్చనిది వేరే ఉంది. సర్కిల్ మొత్తం అంటున్నారు, ఏ సర్కిల్? టెలికాం లైసెన్సు లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒకే ప్రాంతం. మా బండి పలక ఏపీ 22 నుంచి టీఎస్ 06, ఆపైన టీజీ 06 అయింది. ఫోన్ మాత్రం 2014కు ముందటి రాష్ట్రంలోనే ఆగిపోయింది. కొట్లాడాలంటే దీనిమీద కొట్లాడండి, 08682 మీద కాదు.

ఎడిసన్ నల్లగొండవాసి:
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ ఈ గొడవ ఎప్పుడో అయిపోయింది. 1947లో అమెరికా, కెనడాలకు 86 ఏరియా కోడ్‌లు ఇచ్చారు. న్యూజెర్సీ మొత్తానికి ఒక్కటే, 201. న్యూయార్క్ నగరానికి 212 ఇచ్చారు, తిప్పుడు ఫోన్‌లో చిన్న అంకెలు త్వరగా తిరుగుతాయని. తర్వాత నంబర్లు చాలక ముక్కలు చేస్తూ పోయారు. ఎడిసన్‌కు 1997లో 732 వచ్చింది. నాలుగేళ్లకు అదే నేల మీద 848 కూడా వేశారు. ఒకే ఇంట్లో అన్నయ్యది 732, చెల్లెలిది 848. అప్పటి నుంచి పక్కింటికైనా పదంకెలు కొట్టాల్సిందే.

అయినా ఇక్కడివాళ్లు పాత కోడ్‌ను వదలరు. న్యూయార్క్‌లో 212 ఉండటం ఇప్పటికీ గొప్ప. అంకెకు చోటుతో సంబంధం తెగాక కూడా అభిమానం తెగదు, పానగల్ గట్టు గారూ, మీరు సిగ్గుపడనక్కర్లేదు. నా సంగతే చెప్పనా? మా నాన్నగారి ల్యాండ్‌లైన్ తీయించి పదేళ్లయింది. ఏ వెబ్‌సైట్‌లోనైనా నాలుగంకెల పిన్ అడిగితే నా వేళ్లు వాటంతట అవే 8682 కొడతాయి. (ఇప్పుడు మార్చేశాను, ప్రయత్నించకండి.)

పానగల్ గట్టు:
ఒక మెట్టు దిగుతాను. మోసాలకు కోడ్ రక్షణ కాదని ఒప్పుకున్నాను. కానీ అభిమానం అని తేల్చేయకండి. పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయినవాళ్లు రాత్రి పదకొండు దాకా పసుపు ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడి, పావు రేటు (రాత్రిపూట పావు వంతు ఛార్జీ) మొదలవగానే ఊళ్లోని కిరాణా కొట్టుకు చేసేవారు. వాళ్లకు మరాఠీ చదవడం రాకపోవచ్చు, 08542 మాత్రం తప్పు కొట్టేవారు కాదు.

పిల్లలమర్రి నీడ:
మా చిన్నాన్న అందులో ఒకరు. ఇప్పుడాయన వీడియో కాల్‌లో మనవరాలిని చూస్తున్నారు. ఆ వరసలోకి మళ్లీ రమ్మంటే మిమ్మల్ని తిడతారు.

ఎక్స్ఛేంజి పాతకాపు:
పావు రేటు గంటకు ఊళ్లను కలిపే ట్రంక్ లైన్లన్నీ ఒక్కసారి నిండిపోయేవి. కొట్టినవారిలో సగం మందికి ‘ఈ మార్గంలోని అన్ని లైన్లు రద్దీగా ఉన్నాయి’ అనే ఆడగొంతే దక్కేది. అది కూడా చెప్పండి. మధ్యలో కొంతకాలం హైదరాబాద్ నుంచి మనకు 0 బదులు 95 కొట్టిన సంగతి ఎవరికైనా గుర్తుందా? కొట్టే తీరు మార్చడం ఇదేం మొదటిసారి కాదు.

మందుల షాపు, దేవరకొండ:
అంతా బాగుంది కానీ, ఒక్కమాట తేల్చండి. రేపు పెయింటర్ వస్తున్నాడు, కొత్త బోర్డు. ఆరంకెలు రాయించాలా, పదకొండా?

ఎక్స్ఛేంజి పాతకాపు:
సున్నాతో సహా పదకొండు. సిఫారసు అమలైనా కాకపోయినా పనిచేసేది అదే. మొబైల్ నుంచి చేసేవారికీ అదే కావాలి. ఆరంకెలను మాత్రం పెద్దగా, వేరే రంగులో వేయించు, మీ ముసలివాళ్లు గుర్తుపడతారు.

మందుల షాపు, దేవరకొండ:
పదకొండే వేయించాను సార్. కోడ్ నీలం, ఆరంకెలు ఎరుపు. అంకెకు ముప్ఫై రూపాయల చొప్పున తీసుకున్నాడు. ‘సున్నా గుండ్రమే కదా, దానికీ ముప్ఫయ్యా’ అంటే, అన్నింటికంటే దాన్ని గీయడమే కష్టం అన్నాడు.