కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్: ఐదు అటాచ్‌మెంట్లూ పెట్టాలా?

ప్రశ్న (కర్నూలు): ఈ ఫోన్ షూటింగ్ గేమ్‌లో తుపాకీ లెవెల్ పెరిగి అటాచ్‌మెంట్లు (తుపాకీకి తగిలించే భాగాలు) తెరుచుకోగానే ఐదూ పెట్టేశాను. గురి నిలకడగా ఉంది, కానీ ఎక్కుపెట్టేలోపే ఎదుటివాళ్లు కాల్చేస్తున్నారు. ఎండాకాలం సెలవులన్నీ దీనికే పోశాను, చాలా బాధగా ఉంది. ఎక్కడ పొరపాటు చేశాను?

జవాబు (కడప): పొరపాటు మీ చేతిలో లేదండీ, బ్యారెల్‌లో (తుపాకీ గొట్టంలో) ఉంది. పొడవైనది పెడితే గుండు దూరం వెళ్తుంది, ఎక్కుపెట్టే వేగం తగ్గుతుంది. చాలా అటాచ్‌మెంట్లు ఒకటి ఇచ్చి ఒకటి లాక్కుంటాయి. ఒక్కొక్కటే తీసి సాధన మైదానంలో కాల్చి చూడండి. నేను మూడింటితోనే ఆడతాను.

జవాబు (అనంతపురం): ఎరుపు పెర్కుల్లో (ఆటగాడికి అదనపు సామర్థ్యం ఇచ్చే ఎంపికల్లో) లైట్‌వెయిట్ పెట్టండి, పరుగు పెరుగుతుంది. శ్రమ పోయిందని దిగులెందుకు? ఇదే సిరీస్‌లోని 2007 నాటి మోడరన్ వార్‌ఫేర్‌లో, కన్సోల్ మీద, 55వ లెవెల్ తర్వాత ప్రెస్టీజ్ తీసుకుంటే, అంటే గౌరవ చిహ్నం కోసం మళ్లీ మొదటి లెవెల్‌కు వెళ్తే, తెరుచుకున్నవన్నీ మళ్లీ మూతపడేవి. అయినా మా అన్న ఇష్టంగా తీసుకునేవాడు.

కర్నూలు: బ్యారెల్ తీశాను. మొదటి ఆటలోనే తేడా తెలిసింది, ధన్యవాదాలండీ!