ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి ఉన్నవారిలో కరోనా టీకా పనిచేస్తుందా?

ప్రశ్న:
మా నాన్నగారికి 71 ఏళ్లు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) వల్ల చాలాకాలంగా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నారు. 2021లో కోవిషీల్డ్ రెండు డోసులు, 2022లో ముందుజాగ్రత్త డోసు వేయించుకున్నారు. ఇన్‌హేలర్ వల్ల టీకా ప్రభావం పోతుందని ఎవరో చెప్పగా, దాన్ని మానేస్తానంటున్నారు. ఇది నిజమేనా?

జవాబు 1:
దయచేసి మాననివ్వకండి. పీల్చే మందు ప్రధానంగా శ్వాసనాళాల్లోనే పనిచేస్తుంది కనుక, టీకాకు శరీరం స్పందించే తీరును అది పెద్దగా దెబ్బతీయదు. వారాల తరబడి ఎక్కువ మోతాదులో మింగే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల సంగతి వేరు. దానివల్ల యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడేందుకు శరీరం తయారుచేసే ప్రొటీన్లు) తగ్గవచ్చు. ఇన్‌హేలర్ హఠాత్తుగా ఆపితే ఆయాసం తిరగబెట్టి ఆసుపత్రి పాలయ్యే ముప్పు ఉంది, నాకు అదే ఎక్కువ భయం.

జవాబు 2:
మా అమ్మకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు (ఐఎల్‌డీ) ఉంది, రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్ అనే మందు వాడుతుంది. ఇలాంటి మందులు, అంతకుమించి రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్, యాంటీబాడీల తయారీని బాగా తగ్గిస్తాయి. అందుకే రిటుక్సిమాబ్ ఇచ్చేవారికి టీకా ఎప్పుడు వేయాలో వైద్యులు ముందే లెక్క వేసుకుంటారు.

జవాబు 3:
యాంటీబాడీ పరీక్షలో అంకె తక్కువగా కనిపించినంత మాత్రాన రక్షణ లేదని అనుకోనక్కరలేదు, ఎందుకంటే ఆ పరీక్షకు అందని టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) కూడా వ్యాధి తీవ్రం కాకుండా కాపాడతాయి. అయితే వయసు పైబడినవారిలో ఆ రక్షణ నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. తదుపరి డోసు, ఫ్లూ, న్యూమోకోకల్ (న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాకు) టీకాల గురించి వారి పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల వైద్యుణ్ని) తప్పక అడగండి.