బ్యాంకు వాల్యూయర్ ఇంటికి వస్తున్నారు: ఏం చూస్తారు, ఏం చూడరు?

సింగ్‌నగర్ వాసి
విజయవాడ సింగ్‌నగర్‌లో 150 గజాల స్థలంలో 2005లో కట్టుకున్న ఇల్లు మాది. కింద, పైన కలిపి 1,800 చదరపు అడుగులు, డాబా మీద ఒక రేకుల గది. అమ్మాయి పై చదువుకు ఇల్లు తనఖా పెట్టి రుణం అడిగాం. గురువారం బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే వాల్యూయర్ వస్తారట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు ఇంట్లో ఛాతీ ఎత్తున నిలిచాయి, గోడల మీద చార ఇప్పటికీ ఉంది. ఆయన వచ్చేలోపు రంగు వేయించమని మా ఆవిడ అంటోంది. మా లెక్కలో ఇల్లు కోటి పైమాటే. అనుభవం ఉన్నవారు చెప్పండి.

కూకట్‌పల్లి ఫ్లాటు
కోటి సంగతి ముందు మరచిపోండి. మేము 80 లక్షలకు ఒప్పందం రాసుకున్న ఫ్లాటుకు వాల్యూయర్ 72 లక్షలు రాశారు. ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు లెక్క. 80 శాతం చొప్పున 64 లక్షలు వస్తాయనుకుంటే 57.6 లక్షలే ఇచ్చారు. మిగతా 6.4 లక్షలకు మా బావమరిది దగ్గర చేయి చాచాను. ఇప్పటికీ పండుగకు వెళితే తల ఎత్తలేను.

సివిల్ ఇంజనీరు
బ్యాంకుల తరఫున ఈ పని చేస్తుంటాను. సింగ్‌నగర్ వాసి గారూ, రంగు వేయించకండి. ఛాతీ ఎత్తు వరకు కొత్త రంగు, పైన పాత రంగు కనిపిస్తే మొదటి అనుమానం అక్కడే వస్తుంది. ఆ వీధిలో ఎవరిని అడిగినా నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో చెబుతారు కదా! వరద తర్వాత వైరింగు మార్చి, తలుపులు కొత్తవి పెట్టి ఉంటే ఆ బిల్లులు చూపించండి. చార కన్నా ఆ చార తర్వాత మీరేం చేశారన్నది ముఖ్యం.

సొంత ఇంటికి స్థలం విలువ, కట్టడం విలువ వేరువేరుగా కడతాం. ఇప్పుడు అలాంటి ఇల్లు కట్టడానికి అడుగుకు 1,800 రూపాయలు అనుకుందాం, 1,800 అడుగులకు 32.4 లక్షలు. పక్కా స్లాబు ఇంటి ఆయుష్షు సాధారణంగా 60 ఏళ్లుగా తీసుకుంటాం, పది శాతం పాత సామాను విలువగా మిగులుతుంది. మిగతా 90 శాతం 60 ఏళ్లలో తరుగుతుంది కాబట్టి 20 ఏళ్లకు 30 శాతం తరుగు. అంటే కట్టడానికి 22.68 లక్షలు. మీరు పెట్టించిన టేకు తలుపులూ వంటగది అల్మరాలూ ఇందులో పెద్దగా కదలిక తేవు. స్థలం ధరే అసలు బరువు.

రేకుల గది మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానులో లేకపోతే దానికి సున్నా. ఉన్నట్టు రాస్తాం, విలువ కట్టం.

చివరకు నివేదికలో మూడు అంకెలు ఉంటాయి: మార్కెట్ విలువ, నిజంగా చేతికి వచ్చే విలువ, తొందరపడి అమ్మితే వచ్చే విలువ. పక్కన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ ఆస్తికి ఉన్న ప్రభుత్వ ధర కూడా రాస్తాం. అమ్మేవారి నోటి మాట ధర ఎక్కడా ఉండదు.

తెనాలి గృహిణి
మా ఇంటికి వచ్చినప్పుడు ఇల్లు చూసింది పావుగంట, హద్దులు చూసింది ముప్పావుగంట! దస్తావేజులో ‘ఉత్తరం: ఖాళీ స్థలం’ అని ఉంది, ఇప్పుడక్కడ మూడంతస్తుల అపార్ట్‌మెంటు. డోర్ నెంబరు కూడా మారింది. పాత నెంబరే కొత్త నెంబరు అని మున్సిపాలిటీ కాగితం తెచ్చేదాకా నివేదిక కదల్లేదు. ఇంటి ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీశారు. కాఫీ మాత్రం ముట్టుకోలేదు, మా అత్తగారు ఆ రోజంతా బాధపడ్డారు.

సింగ్‌నగర్ వాసి
అమ్మాయి వీసా కోసం పోయిన ఏడాది ఒక ఇంజనీరుతో ఇంటి విలువ రాయించాం, కోటీ పదిహేను లక్షలు. అది చూపిస్తే పనికొస్తుందా?

సివిల్ ఇంజనీరు
చూపించకండి, నవ్వి ఊరుకుంటారు. బ్యాంకు తన జాబితాలోని వాల్యూయర్ మాటే తీసుకుంటుంది.

రిటైర్డ్ మాస్టారు
రుణం కాకపోయినా ఒక మాట. గుంటూరులో నాన్నగారి పాత ఇల్లు అమ్మినప్పుడు పన్ను లెక్కకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావలసి వచ్చింది. రిజిస్టర్డ్ వాల్యూయర్ రాసిన విలువ ఆ తేదీ నాటి సబ్ రిజిస్ట్రార్ విలువను దాటితే చెల్లదు. ముందు ఆ ధర తెలుసుకుని తర్వాత వాల్యూయర్ దగ్గరకు వెళ్లండి. నేను తలకిందులుగా చేసి రెండుసార్లు ఫీజు కట్టాను.

సింగ్‌నగర్ వాసి
గురువారం అయిపోయింది. చారను అలాగే ఉంచాం. ఆయన టేపుతో నేల నుంచి దాని ఎత్తు కొలిచి రాసుకున్నారు, వైరింగు బిల్లుకు ఫొటో తీసుకున్నారు. రేకుల గదిలోకి తొంగి చూసి తలుపు వేసేశారు. అంకె ఎంతో చెప్పలేదు, నివేదిక నేరుగా బ్యాంకుకే వెళుతుందట. తెనాలి గృహిణి గారూ, మా డోర్ నెంబరు కూడా మారింది, ఆ కాగితానికి మీకు ఎన్ని రోజులు పట్టింది?

తెనాలి గృహిణి
పదకొండు రోజులు. పాత ఇంటి పన్ను రసీదు ఒక్కటైనా వెంట తీసుకువెళ్లండి, మా పనిని నడిపించింది అదే.