అప్‌డేట్: బొమ్మ ధర కంటే షిప్పింగే ఎక్కువ ఎందుకో తేలింది

జపాన్ వేలంలో గెలిచిన హకాటా మట్టిబొమ్మకి (అక్కడి సంప్రదాయ అలంకార బొమ్మ), బొమ్మ ధరని మించి షిప్పింగ్ వేశారని అడిగాను కదా. బాక్సు కొలతలు కనుక్కోమన్నవాళ్లకి థాంక్స్, అసలు సంగతి అక్కడే ఉంది. గాజుపెట్టెతో సహా ప్యాక్ చేస్తే 45×40×30 సెం.మీ. అయింది. కొరియర్ వాళ్లు అసలు బరువుకి కాకుండా, బాక్సు ఎంత చోటు ఆక్రమిస్తుందో దాన్నిబట్టి బరువు కట్టారు: మూడు కొలతల్ని గుణించి, 5000తో భాగించి 10.8 కిలోలుగా లెక్కేశారు. బొమ్మ చూస్తే కిలో కూడా లేదు!

గాజుపెట్టె వద్దన్నాను. 40×20×15 బాక్సులో 2.4 కిలోలకి దిగింది. కస్టమ్స్ సుంకం వేరే, డెలివరీ అప్పుడు కట్టాను. అది బొమ్మ ధరకి షిప్పింగ్ కూడా కలిపి వేస్తారు కాబట్టి కొంచెం అదీ తగ్గింది.

షిప్పింగ్ ఎక్కువ పడింది మా పర్లాకిమిడి (ఒడిశా) పిన్‌కోడ్ వల్లేమో అన్న అనుమానం ఒట్టిదే. విశాఖలో పెద్దమ్మ వాళ్ల అడ్రస్ ఇచ్చి చూసినా అదే రేటు. గాజుపెట్టె ఇక్కడే చేయించుకుంటాను, దసరా కొలువుకి ఇంకా టైముంది.