ఎండాకాలం పామ్‌కి (పొమేరియన్ కుక్కకి) గుండు చేయించాలా, వద్దా?

బెజవాడ_స్పిట్జ్:
ఏప్రిల్ వచ్చిందంటే పార్లర్లలో పొమేరియన్లకి వరసపెట్టి మిషన్ పెట్టేస్తున్నారు. చలిదేశపు కుక్క, బొచ్చు తీస్తే హాయిగా ఉంటుందన్నది వాళ్ళ వాదన. 10 నంబర్ బ్లేడుతో ఒళ్ళంతా గీకించొద్దన్నది నా వాదన. ఆ బ్లేడు మిగిల్చేది 1.5 మిల్లీమీటర్లే. పామ్‌కి రెండు పొరలు: పైన బిరుసు వెంట్రుక, కింద దూదిలాంటి ఊలు. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాసేది పై పొరే. రెండూ నున్నగా కోసేస్తే ఊలు ముందు పెరుగుతుంది, పై వెంట్రుక వెనకబడుతుంది. కొన్నిటికి ఏడాదైనా సరిగా రాదు. మనదగ్గర పామ్ పేరుతో అమ్మే ఇండియన్ స్పిట్జ్‌కీ ఇదే లెక్క. షిట్జూ అయితే వేరు, దాని వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది, పొట్టిగా కత్తిరించుకోవచ్చు.

కూలర్_గది:
అన్నా, ఇంట్లో పెంచే కుక్క ఎండలో ఎంతసేపుంటుంది? ఏసీ లేని మేడ మీద రోహిణి కార్తెలో మధ్యాహ్నం గదిలోనే 38 డిగ్రీలు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో 38.3 నుంచి 39.2. ఆ వేడి బయటికి పోవాలంటే ఊలు అడ్డమే కదా. పైగా గోమార్లు! ఇంత బొచ్చులో అవి ఎక్కడ కనిపిస్తాయి? టిక్ ఫీవర్ కంటే గుండు నయం.

దువ్వెన:
ఊలు అడ్డమన్న మాట నిజమే. దానికి మందు మిషన్ కాదు, దువ్వడం. పైపైన దువ్వితే బొచ్చు మెరుస్తుంది, కింద ఉండలు అలాగే ఉంటాయి. కుక్కని పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చు పైకెత్తి చర్మం కనబడేలా పాయ తీయండి. పాయకి కొంచెం నీళ్ళు స్ప్రే చేసి స్లికర్ బ్రష్‌తో (సన్నటి తీగల పళ్ళుండే బ్రష్), ఆ తర్వాత స్టీలు దువ్వెనతో లాగండి. దువ్వెన చర్మం దాకా ఎక్కడా ఆగకుండా దిగితేనే ఆ పాయ అయినట్టు. అర అంగుళం పైకి జరిగి ఇంకో పాయ. ఎండాకాలం వారానికి మూడుసార్లు, ఊలు రాలే రోజుల్లో రోజూ. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక ముందు చూడండి, ఉండలు కట్టేది అక్కడే. ఉండ విప్పకుండా స్నానం చేయిస్తే అది తడిసి బిగుసుకుంటుంది, ఆరదు, కింద చర్మం పాచిపోతుంది.

గోమార్లు కూడా ఈ పాయల్లోనే దొరుకుతాయి. చెవి లోపలి మడతలు, వేళ్ళ సందులు, పట్టీ కింద తప్పక చూడాలి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దే వద్దు.

కూలర్_గది:
వారానికి మూడుసార్లు ఇంత ఓపిక ఉద్యోగాలు చేసే ఇంట్లో ఎవరికుంటుంది చెప్పండి?

క్లినిక్_వైపు:
ఓపిక లేకపోతే పొట్ట కింద, గజ్జల్లో మాత్రమే పొట్టిగా తీయించండి. వీపు ముట్టుకోవద్దు. పామ్ చల్లబడేది పొట్ట గచ్చుకి ఆనించి పడుకున్నప్పుడు, రొప్పినప్పుడు. రొప్పడానికి గాలి ఆడాలి కాబట్టి మెడ పట్టీ బదులు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వేయండి. ఈ జాతికి శ్వాసనాళం మెత్తబడే జబ్బు ఎక్కువ. బ్లేడు వేడెక్కుతుంది, రెండు మూడు నిమిషాలకోసారి మణికట్టుకి ఆనించి చూడమని గ్రూమర్‌కి చెప్పండి. గోమార్లకి నెలకోసారి లేదా మూడు నెలలకోసారి ఇచ్చే మాత్రలున్నాయి. బరువు తూచి డాక్టరే రాయాలి. కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

గుండు ఉన్నా లేకున్నా వడదెబ్బ తగులుతుంది. ఆగకుండా రొప్పుతూ, చొంగ జిగటగా కారుతూ, చిగుళ్ళు ఎర్రబడి తూలిందంటే ఇంట్లోనే చల్లబరచడం మొదలుపెట్టాలి. చర్మం దాకా చల్లని నీళ్ళు పోసి ఫ్యాన్ కింద ఉంచండి. తడి తువ్వాలు కప్పొద్దు, వేడి లోపలే చిక్కుకుంటుంది. ఒంటి వేడి 103 ఫారెన్‌హీట్‌కి దిగినట్టు థర్మామీటర్ చూపగానే నీళ్ళు ఆపి ఆసుపత్రికి బయల్దేరండి.

కూలర్_గది:
పొట్ట వరకే అంటే ఒప్పుకుంటా. మరి ఒళ్ళంతా చర్మం దాకా జడలు కట్టిన కుక్కొస్తే? అప్పుడూ దువ్వమంటారా?

దువ్వెన:
లేదండీ. చర్మాన్ని పట్టి లాగేసే జడల్ని గంటలకొద్దీ దువ్వడం హింస. అక్కడ మిషనే కరెక్టు. కత్తెర వాడొద్దు, ఉండతో పాటు చర్మం పైకి లేచి తెగుతుంది.

బెజవాడ_స్పిట్జ్:
ఆ ఒక్క సందర్భానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ గీకించాక ఆరు నెలలకీ వెంట్రుక రాకపోతే నూనెలు, గుడ్డు పచ్చసొన అంటూ కాలయాపన చేయకండి. థైరాయిడ్ పరీక్ష చేయించండి. పామ్‌లకి హార్మోన్లతో ముడిపడ్డ బట్టతల విడిగా కూడా వస్తుంది, నెపం మాత్రం మిషన్ మీద పడుతుంది.

కూలర్_గది:
అదే నేనూ అంటున్నది, ప్రతి బట్టతలకీ గ్రూమర్‌ని తిట్టకండి. వయసులో ఉన్న ఆరోగ్యమైన పామ్‌కి మిషన్‌కి దువ్వెన గార్డు (బ్లేడు చర్మానికి తగలకుండా తగిలించే దువ్వెన) పెట్టి అంగుళం ఉంచి తీస్తే తప్పేముంది?

బెజవాడ_స్పిట్జ్:
అంగుళం ఉంచితే గొడవే లేదు. పార్లర్‌కి "సమ్మర్ కట్" అని చెప్పి వదిలేయకుండా, ఎన్ని మిల్లీమీటర్లు ఉంచాలో ముందే చెప్పండి, మొదటి రెండు నిమిషాలు పక్కనే నిలబడి చూడండి.