ట్రైన్‌లో పెద్ద విద్వాంసుడు కనపడితే ఒక్క పల్లవి పాడమని అడగడం తప్పా?

పినాకిని ప్రయాణికుడు:
డిసెంబర్ సీజన్ కచేరీలు విని చెన్నై నుంచి పినాకినిలో వస్తున్నా. ఏసీ చెయిర్ కార్‌లో రెండు వరసల ముందు ఒక పెద్ద కర్ణాటక గాయకుడు కూర్చున్నారు, పేరు రాయను. ముప్పై ఏళ్ళుగా ఆయన క్యాసెట్లు వింటున్న ఇల్లు మాది. నెల్లూరు దాటాక ధైర్యం చేసి వెళ్ళి దణ్ణం పెట్టా, ఫోటో అడిగితే సరే అన్నారు. మా అమ్మకి పక్షవాతం, మంచం మీదే ఉంటుంది, వీడియో కాల్ చేస్తాను ఒక్క పల్లవి పాడండి సార్ అన్నా. ఆయన చేతులు జోడించి "ఇప్పుడు కాదు బాబూ" అని కిటికీ వైపు తిరిగిపోయారు. ముప్పై సెకన్లండీ. అంతకంటే ఎక్కువ అడగలేదు. ఆ రోజు నుంచి ఆయన పాట పెట్టుకోలేకపోతున్నా. నేను అడిగింది తప్పేనా చెప్పండి.

డాలస్ రసికుడు:
తప్పేం లేదు బ్రదర్, కానీ అడిగే పద్ధతి ఒకటుంటుంది. ఇక్కడ అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకి ఏటా వెళ్తాను, 1978 నుంచి జరుగుతోంది అది. ఒకసారి హోటల్లో టిఫిన్ దగ్గర ఒక విద్వాంసుడు లైన్లో నా వెనకే నిలబడ్డారు. సంగీతం మాటే ఎత్తలేదు, ఇక్కడ దోసకాయ దొరుకుతుందా అని ఆయనే అడిగారు, పావుగంట పచ్చళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇప్పటికీ తలుచుకుంటా.

తంబూర:
నేను పిల్లలకి సంగీతం చెప్తాను, ఇరవై రెండేళ్ళ నుంచి. ముప్పై సెకన్లు అంటున్నారు కదా, ఆ మాట దగ్గరే నాకు కష్టంగా ఉంది. సీజన్లో ఒక్కో గాయకుడు మూడు వారాల్లో ఎన్ని సభల్లో పాడతారో మీకూ తెలుసు. గొంతు అలిసిపోయి ఉంటుంది, ఏసీ గాలి నేరుగా తగులుతుంటుంది, శ్రుతి లేదు, చుట్టూ సమోసాల వాళ్ళ కేకలు. శ్రుతి లేకుండా పాడితే అది మీ ఫోన్లో రికార్డయి రేపు ఊరంతా తిరుగుతుంది. "ఇప్పుడు కాదు" అన్నారు, "పో" అనలేదు కదా.

పినాకిని ప్రయాణికుడు:
మేడమ్ నేను రికార్డ్ చేస్తానని ఎక్కడ రాశాను? వీడియో కాల్ అన్నా. మా అమ్మ ఒక్కతే వింటుంది. ముప్పై సెకన్లకి గొంతు పోదు. ఇంకో మాట, వీళ్ళని పెద్దవాళ్ళని చేసింది ఎవరు? బాలమురళి గారిని ఎనిమిదేళ్ళ పిల్లాడిగా విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కూర్చోబెట్టి విన్నది మన జనమే కదా. వినేవాళ్ళు లేకపోతే విద్వాంసుడెక్కడ.

తంబూర:
జనం విన్నారు నిజమే, కానీ ఆ పిల్లాణ్ణి తయారు చేసింది పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. ఇంట్లో సాధన చేసింది ఆ పిల్లాడు. టికెట్ కొన్నందుకు కచేరీ విన్నారు, అక్కడితో లెక్క సరి. మనిషి ప్రయాణంలో కూడా మనకి బాకీ ఉంటాడా?

పినాకిని ప్రయాణికుడు:
బాకీ అనే మాట మీరు తెచ్చారు, నేను అనలేదు.

ఒంగోలు గిత్త:
మా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వాళ్ళ సంగీత కళానిధి బిరుదు. అంత నాదస్వరం ఈ మట్టిలో పుట్టింది. ఇప్పుడు మా దగ్గర పెళ్ళిలో సన్నాయి వాయించేవాళ్ళకి చివరి బంతిలో భోజనం పెడతారు, ఆ ఎదురుపడటం గురించి ఎవరూ త్రెడ్ పెట్టరు.

డాలస్ రసికుడు:
ఇది వేరే టాపిక్ అన్నా.

దరువు:
వేరే టాపిక్ కాదండీ. ఇంతసేపు చదివి ఊరుకున్నా, ఇక ఉండలేక రాస్తున్నా. మా నాన్న మృదంగం. ముప్పై ఒక్క ఏళ్ళు పెద్ద పెద్దవాళ్ళ పక్కన వాయించారు. స్టేషన్లో, ఎయిర్‌పోర్ట్‌లో, గుడి మెట్ల మీద జనం పరిగెత్తుకుంటూ వస్తారు, గాయకుడి కాళ్ళకి దణ్ణం పెడతారు, ఫోన్ తీసి మా నాన్న చేతిలో పెడతారు, "కాస్త ఫోటో తీయండి" అని. గంట క్రితం అదే మనిషి ముందు వరసలో కూర్చుని మా నాన్న తని ఆవర్తనానికి, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టానికి, తల ఊపి ఉంటాడు. ఎడమ మూతకి రవ్వ ముద్ద పెట్టుకుని, వేళ్ళు పగిలేలా వాయించిన చెయ్యి, దానికి ఫోన్ అందిస్తారు. అకాడమీ వాళ్ళే 1966లో పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి ఇచ్చేదాకా ఒక్క మృదంగ విద్వాంసుడికీ సంగీత కళానిధి ఇవ్వలేదు, జనాన్నేం అంటాం. పినాకిని గారూ సూటిగా అడుగుతున్నా, మీ ఫోటో తీసింది ఎవరు?

పినాకిని ప్రయాణికుడు:
అది ఇక్కడ ప్రశ్న కాదు.

దరువు:
నాకు అదే ప్రశ్న.

పినాకిని ప్రయాణికుడు:
పక్క సీట్లో ఆయన తీశారు. అయితే ఏంటి? ఆయన ఎవరో నాకెలా తెలుస్తుంది, నుదుటి మీద రాసుంటుందా? మీ నాన్నగారి బాధంతా నా మీద తీర్చుకోకండి. మంచం మీదున్న మనిషి కోసం అడిగా, నా కోసం కాదు.

దరువు:
పక్కన మృదంగం సంచి లేదా?

పినాకిని ప్రయాణికుడు:
ఉంది. కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు.

తంబూర:
దరువు గారూ కాస్త నిదానం. పినాకిని గారూ, నేనూ గట్టిగానే మాట్లాడాను, కానీ ఒకటి అర్థం కావట్లేదు. ఆ పాట యూట్యూబ్‌లో ఉంటుంది, ఆయన గొంతులోనే, పూర్తి కచేరీ. అమ్మగారికి అది వినిపించొచ్చు. మరి ఆ ఒక్క "కాదు" మిమ్మల్ని ఇన్నాళ్ళు ఎందుకు తింటోంది?

పినాకిని ప్రయాణికుడు:
రాయకూడదనుకున్నా. మా అమ్మా ఆయనా ఒకే గురువు గారి దగ్గర నేర్చుకున్నారు. కృష్ణా జిల్లాలో ఒక పల్లె, అరుగు మీద పాఠం. అమ్మ ఆయనకంటే రెండేళ్ళు ముందు చేరింది, వర్ణాలు ఆయనకి అమ్మే పక్కన కూర్చుని అప్పజెప్పించేదట. పదహారో ఏట పెళ్ళి చేశారు, మా నాన్నమ్మ ఇంట్లో ఆడపిల్ల పాడటం కుదరదంది, అంతే. ఆయన చెన్నై వెళ్ళారు. రేడియోలో ఆయన కచేరీ వస్తే అమ్మ వంటింట్లో స్టవ్ తగ్గించి వినేది, సంగతి సంగతికీ ముందే నోట్లో అనుకునేది. మా ఇంట్లో ఎవరికీ ఆ విషయం పట్టలేదు, నాక్కూడా. ఇప్పుడు మాట సరిగ్గా రావట్లేదు ఆవిడకి. ఆయన ఆ ముప్పై సెకన్లు పాడితే... ఏమవుతుందో నాకు తెలియదు, కానీ అది ఆవిడకి రావలసింది అనిపించింది.

తంబూర:
ఈ మాట ఆయనతో చెప్పారా?

పినాకిని ప్రయాణికుడు:
లేదు. మా అమ్మ మీ అభిమాని సార్ అన్నాను. అమ్మ చెప్పుకోవద్దంటుంది, గొప్పవాళ్ళతో చుట్టరికం కలుపుకున్నట్టు ఉంటుందని.

డాలస్ రసికుడు:
అయ్యో. ఆవిడ పేరు చెప్పినా సరిపోయేదేమో.

దరువు:
వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కాలేజీకి విద్యార్థిగా చేరడానికి వెళ్తే, అక్కడి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు విని అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్తారు, 1919లో. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో తెలుసుకోవాలంటే ముందు వినాలి కదా. మీ అమ్మగారిని ఇన్నేళ్ళు ఎవరూ వినలేదు, సరే. ఆ రైల్లో ఆయనకి మీరు వినిపించలేదు కూడా. పాడమన్నారు. నేను కోపంగా రాసింది వెనక్కి తీసుకోను, కానీ మీ అమ్మగారి గురించి తెలిస్తే అలా మొదలుపెట్టేవాణ్ణి కాదు.

పినాకిని ప్రయాణికుడు:
నేనూ వెనక్కి తీసుకోను. ఒక నిమిషం ఆగి అడగాల్సింది ఆయన, "ఏమైంది అమ్మకి" అని. అంత పెద్ద మనిషి.

దరువు:
ఆయన అడగలేదు. పక్కనాయన?

(ఈ ప్రశ్నకి రెండు రోజులు జవాబు రాలేదు)

పినాకిని ప్రయాణికుడు:
అడిగారు. ఫోన్ తిరిగి ఇస్తూ "అమ్మగారికి ఎప్పట్నుంచి బాబూ ఇలా" అన్నారు. నేను గాయకుడి మీద కోపంలో జవాబు చెప్పకుండా నా సీట్‌కి వచ్చేశా. ఫోటోలో ఆయన లేరు. వేలు ఒక మూలకి అడ్డం పడింది, అది మాత్రం ఉంది.

ఒంగోలు గిత్త:
అమ్మగారు ఇప్పుడు ఏమన్నా పాడగలరా అండీ, కూనిరాగమైనా?

పినాకిని ప్రయాణికుడు:
మాట కంటే స్వరం తేలిగ్గా వస్తోంది. ఆభేరి రాగం కొంచెం.